మరపు – మొక్కు: కేయాస్ మ్యాజిక్ సిద్ధాంతం, పెనుకొండ పరిసరాల మంత్రసంప్రదాయాలు

వ్యాససంగ్రహం:

1970ల చివర ఇంగ్లండులో రూపుదిద్దుకొన్న కేయాస్ మ్యాజిక్ నమ్మకాన్ని ఒక పనిముట్టుగా చూస్తుంది. అవసరమున్నంతసేపు వాడి, పని తీరాక పక్కన పెట్టవచ్చునంటుంది. దర్గాకూ గుడికీ ఒకే మనిషి వెళ్లే తెలుగునేలపై ఈ సిద్ధాంతాన్ని అన్వయించడం సులభంగా కనిపిస్తుంది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలకు సంబంధించిన ఐతిహ్యాలు, ఆచారాలు, సాహిత్యకృతుల ఆధారంగా ఆ అన్వయం ఎంతవరకు చెల్లుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కేయాస్ మ్యాజిక్, సిజిల్, యంత్రం, తాయెత్తు, మొక్కు, నవనాథచరిత్ర, విషాదసారంగధర, వేమన, బాబయ్య.

1. ఉపోద్ఘాతం:

‘కేయాస్ మ్యాజిక్’ అనే మాటకు తెలుగులో స్థిరపడిన పారిభాషికపదం లేదు. ‘గందరగోళ మంత్రం’ అంటే నవ్వు పుడుతుంది. ‘అవ్యవస్థ’ అంటే సిద్ధాంతం చెప్పని అర్థం వచ్చి చేరుతుంది. ఇక్కడ ‘కేయాస్’ అంటే గజిబిజి కాదు. ఏ వ్యవస్థా ఏర్పడకముందున్న మూలస్థితి, అన్ని వ్యవస్థలకూ సమదూరంలో ఉండే స్థితి అని ఆ సాధకుల భావన. అందువల్ల మూలపదాన్నే ఉంచడం మేలు.

ఈ మార్గానికి పూర్వరంగం ఆస్టిన్ ఒస్మాన్ స్పేర్ (1886–1956) అనే ఆంగ్ల చిత్రకారుని రచనల్లో ఉంది. కోరికను ఒక వాక్యంగా రాసి, పునరుక్తమైన అక్షరాలను తీసివేసి, మిగిలినవాటిని కలిపి ఒక గుర్తుగా మలిచే ‘సిజిల్’ పద్ధతికి ఆధారం ఆయన 1913లో వెలువరించిన గ్రంథమే. 1978లో పీటర్ కారల్ ‘లిబర్ నల్’, రే షెర్విన్ ‘ది బుక్ ఆఫ్ రిజల్ట్స్’ వచ్చాయి. వీటితో కేయాస్ మ్యాజిక్ ఒక ప్రత్యేకమార్గంగా నిలబడింది. 1995లో ఫిల్ హైన్ రాసిన ‘కండెన్స్‌డ్ కేయాస్’ దాన్ని విస్తృత పాఠకలోకానికి చేర్చింది.

అంతకుముందున్న మార్గాలతో దీనికున్న సంబంధం తిరుగుబాటు సంబంధం. 1888లో లండనులో ఏర్పడిన గోల్డెన్ డాన్ సంఘంలో మెట్లు మెట్లుగా దీక్షలుండేవి. ఆ సంఘంనుంచే వచ్చిన అలీస్టర్ క్రౌలీ (1875–1947) తన మతానికి తానే ప్రవక్త అయ్యాడు. 1950లలో జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన విక్కా తనను ప్రాచీనమతానికి వారసురాలిగా చెప్పుకొంది. దీక్ష, ప్రవచనం, ప్రాచీనత అనే ఈ మూడు ప్రామాణ్యాలనూ కేయాస్ మ్యాజిక్ పక్కన పెట్టింది. ఫలితం వచ్చిందా లేదా అన్నదొక్కటే కొలత అంది. ఈ వారం కబాలా, వచ్చేవారం తంత్రం, ఆపై ఒక కాల్పనిక కథలోని దేవత అన్నట్లుగా ఏ చట్రంలోకైనా ప్రవేశించవచ్చు, నిష్క్రమించవచ్చు. అయితే ఈ మార్గీయులు కూడా త్వరలోనే ఇల్యూమినేట్స్ ఆఫ్ థానటెరోస్ పేరిట ఒక సంఘం పెట్టుకొని, అందులో అంతస్తులు కూడా ఏర్పరచుకొన్నారు. పరంపరను కాదన్నవారికి పరంపర అవసరం ఇంత తొందరగా ఎందుకు కలిగిందన్నది వాళ్ల చరిత్రకారులు ఇంకా గట్టిగా అడగవలసిన ప్రశ్న.

తెలుగు పరిశోధకునికి ఈ సిద్ధాంతం వల్ల ఒక ఆకర్షణ, ఒక ప్రమాదం ఉన్నాయి. బిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రి మందు, దర్గా తాయెత్తు, గ్రామదేవతకు మొక్కు మూడూ ఒకేరోజు జరిగే సమాజాన్ని చూసి ‘ఇది సహజసిద్ధమైన కేయాస్ మ్యాజిక్కే’ అనాలనిపిస్తుంది. బహుదేవతారాధనను, మతసామరస్యాన్ని ఒకే మాటలో వివరించగలిగిన తృప్తి కలుగుతుంది. కానీ ఆ మనిషి నిజంగా నమ్మకాన్ని మార్చుకొంటున్నాడా? ప్రశ్న అక్కడ ఉంది.

2. సిజిల్, యంత్రం, తాయెత్తు:

సిజిల్ ప్రక్రియలో గీయడంకన్నా ముఖ్యమైన ఘట్టం మరచిపోవడం. ధ్యానంతోగానీ ఉద్రేకంతోగానీ మనసును ఏకాగ్రస్థితికి తెచ్చి, ఆ క్షణంలో గుర్తును లోపలికి దించి, ఆపై దాన్ని నాశనం చేసి, కోరికను పూర్తిగా మరచిపోవాలి. తలపులో మిగిలి ఉన్న కోరిక ఫలించదని స్పేర్ నుంచి కారల్ వరకు అందరి అభిప్రాయం. చేతన మనసు అడ్డు తప్పుకొంటేనే అచేతనం పనిచేస్తుందన్నది దాని వెనకనున్న మనశ్శాస్త్రం.

బాహ్యరూపంలో దీనికి దగ్గరగా కనిపించేవి యంత్రం, రక్షరేకు, తాయెత్తు. రాగిరేకుపై కోణాలు, వృత్తాలు గీసి బీజాక్షరాలు నిలపడం మంత్రశాస్త్ర పద్ధతి. గడులు గీసి, అక్షరాలకు సంఖ్యావిలువలు కట్టి నింపడం దర్గాల పరిసరాల్లో కనిపించే ఇస్లామీయ పద్ధతి. మూడింటా అక్షరం తన వాచ్యార్థాన్ని వదిలి ఆకృతిగా మారుతుంది. ఈ పోలికవద్దే ఆగిపోయినవారికి ముగ్గురూ ఒకటే పని చేస్తున్నట్లు తోస్తుంది.

తేడా తెలియకపోవడమనే అంశంలో ఉంది. సిజిల్ గీసినవాడు తనకు తెలిసిన దాన్ని ప్రయత్నపూర్వకంగా మరచిపోతాడు. తాయెత్తు కట్టుకొన్నవాడికి అందులో ఏముందో మొదటినుంచీ తెలియదు, తెలుసుకోవలసిన పని కూడా లేదు. అది తెలిసినవాడు రాసి ఇచ్చినవాడు. ఆయనకు తెలియడానికి ఆయన గురువు కారణం. విప్పి చూడరాదన్న నియమం కూడా ఇందుకే. జ్ఞానం ఇచ్చినవారివద్ద, ధరించడం పుచ్చుకొన్నవారివద్ద ఉంటాయి. మొలతాడుకో దండకో కట్టిన తాయెత్తు ఆ సంబంధానికి గుర్తుగా కంటికి కనబడుతూనే ఉంటుంది. సిజిల్‌ను కాల్చివేస్తే ప్రక్రియ పూర్తవుతుంది. తాయెత్తు తెగిపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు.

తంత్రగ్రంథాల షట్కర్మ విభాగాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అనే ఆరింటికీ దేవత, దిక్కు, కాలం, ఆసనం, జపమాల వేర్వేరుగా చెప్పబడ్డాయి. కారల్ కూడా మంత్రకర్మలను ఎనిమిది రంగులుగా విభజించాడు. విభజించాలన్న కోరిక ఇద్దరిదీ ఒకటే. కాని షట్కర్మ విధానంలో కాలమూ దిక్కూ కర్తను కట్టిపడేస్తాయి. ఎనిమిది రంగులు కర్తకు ఎంపికను ఇస్తాయి.

3. నవనాథచరిత్ర నుంచి విషాదసారంగధర వరకు:

తెలుగులో సిద్ధుల మార్గాన్ని విస్తారంగా కథించిన కావ్యం గౌరన ద్విపద ‘నవనాథచరిత్ర’. శ్రీశైల భిక్షావృత్తిమఠంతో సంబంధమున్న ఈ 15వ శతాబ్ది కావ్యానికి కేయాస్ మ్యాజిక్‌తో ప్రత్యక్షసంబంధం లేదు. అయితే పరోక్షంగా ఒక దారి ఉంది. ఇంగ్లండులో పుట్టి భారతదేశానికి వచ్చి నాథదీక్ష పొందిన దాదాజీ మహేంద్రనాథ్ (1911–1991) గుజరాత్‌లో నివసిస్తూ పాశ్చాత్యులకు దీక్షలిచ్చాడు. ఆయన శిష్యుడు మైక్ మెగీ ద్వారా 1980లలో నాథసంప్రదాయం పేరిట ఒక ఆంగ్లశాఖ ఏర్పడింది. కారల్, షెర్విన్‌ల పుస్తకాలు చదివిన తరం, ఈ నాథసాహిత్యం చదివిన తరం ఒకటే. కనుక ‘ఇక్కడి సిద్ధులు, అక్కడి కేయాస్ సాధకులు’ అని రెండు విడి లోకాలుగా గీత గీయడం చరిత్రరీత్యా సరికాదు.

గౌరన కావ్యంలోని సారంగధరుని కథ తెలుగువారికి సుపరిచితం. సవతితల్లి కోరికను కాదన్న రాకుమారుడు నిందకు గురై, తండ్రి ఆజ్ఞతో కాలుచేతులు నరికించుకొని అడవిలో పడి ఉంటాడు. మత్స్యేంద్రనాథుడు వచ్చి యోగం ఉపదేశిస్తాడు. తెగిన అవయవాలు తిరిగి వస్తాయి. రాకుమారుడు చౌరంగి అనే సిద్ధుడవుతాడు. ఈ కథలో గమనించదగినది కోరిక లేకపోవడం. అవయవాలు రావాలన్న సంకల్పం సారంగధరుడు చేసి, దానికొక ప్రక్రియ నడిపి, ఫలితం రాబట్టలేదు. గురువు రావడం ఒక అనుగ్రహం, యోగసాధన ఆ తర్వాతిది, అవయవాలు మొలవడం ఆ సాధనలో భాగంగా జరిగినది. తిరిగి రాకుమారుడు కావడానికి అవి అతనికి ఉపయోగపడవు. శ్రీశైలాన్ని బంగారంగా మార్చాలన్న రసవాదసంకల్పం అదే కావ్యంలో భంగపడుతుంది. కోరని అవయవాలు మొలుస్తాయి, కోరి మొదలుపెట్టిన కొండ బంగారం కాదు. ఫలితాన్నే కొలతగా పెట్టుకొన్న సిద్ధాంతంతో ఈ కావ్యాన్ని చదవడం కుదరకపోవడానికి ఇంతకన్న స్పష్టమైన కారణం అక్కరలేదు.

ఇదే కథ ధర్మవరంలో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల (1853–1912) చేతిలో మరో దారి పట్టింది. బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ సరసవినోదిని సభ ద్వారా నాటకాలాడించిన ఆయన ‘విషాదసారంగధర’ తెలుగులో విషాదాంత నాటకానికి నాంది పలికింది. భారతీయ నాట్యసంప్రదాయానికి విరుద్ధమని ఆనాడు దానిపై ఆక్షేపణలు వచ్చాయి. ఆ చర్చలో సాహిత్యచరిత్రకారులు సాధారణంగా షేక్స్పియర్ ప్రభావాన్ని ప్రస్తావిస్తారు. సిద్ధుడు ఏమైనాడన్న ప్రశ్నకు దక్కవలసిన చోటు దక్కలేదు. ఈ కథను విషాదాంతం చేయాలంటే మత్స్యేంద్రుని మహిమకు ముగింపుపై అధికారం ఉండరాదు. అవయవాలు తిరిగివస్తే తండ్రి తప్పిదం దిద్దబడినట్లే. దిద్దబడని తప్పే విషాదం. రాజు తొందరపాటు తీర్పుకు పూర్తి బాధ్యత రాజుపైనే పడాలని నాటకకర్త కోరుకొన్నాడు.

కేయాస్ దృష్టితో చూస్తే గౌరనది ఒక చట్రం, ధర్మవరంవారిది ఇంకొకటి. చదువరి ఇష్టాన్ని బట్టి అటూ ఇటూ తిరగవచ్చు. కాని నాటకానికి బలం వచ్చింది ఆ తిరుగుడు కుదరకపోవడం వల్లనే. సారంగధరుడు బతికే కథను తరతరాలుగా విన్న ప్రేక్షకుడు, ఈసారి అతడు బతకకపోవడాన్ని చూశాడు. పాత నమ్మకం పక్కకు పెట్టగలిగిన పనిముట్టే అయితే ఆ ముగింపు అంత గాయం చేసేది కాదు, అన్ని ఆక్షేపణలూ వచ్చేవి కావు.

ధర్మవరం పేరు విషయంలో ఒక మాట. ఊరిని, చెరువును క్రియాశక్తి ఒడయరు నిర్మించి తల్లి పేరు పెట్టినట్లు స్థానిక సంప్రదాయం చెబుతుంది. తొలి విజయనగరరాజుల కాలాన కాళాముఖ గురువులకు క్రియాశక్తి బిరుదనామంగా ఉండేది. పేరు కలిసినంత మాత్రాన ధర్మవరం చెరువుకు తాంత్రికచరిత్ర కట్టబెట్టడం తగదు. ఇటువంటి ముడులు వేయడం ఇటీవల ఎక్కువైంది.

4. వేమన – తీర్చవలసిన బాకీ:

పెనుకొండ, ధర్మవరాలకు చేరువలోని కదిరి ప్రాంతం వేమనతో ముడిపడినది. కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928నాటి ఉపన్యాసాలనుంచి నేటివరకు వేమన పరిశోధన ఐతిహ్యాలతో తలపడుతూనే ఉంది. వాటిలో ఒకటి ఈ చర్చకు నేరుగా సంబంధించినది.

అభిరామయ్య అనే విశ్వబ్రాహ్మణుడు లంబికా శివయోగిని భక్తితో సేవించాడు. యోగి అతనికి మంత్రోపదేశం చేయదలచిన రోజున వేమన ఉపాయంగా అతన్ని ఆపి, తానే యోగివద్దకు వెళ్లి బీజాక్షరాలు నాలుకపై రాయించుకొన్నాడు. తర్వాత పశ్చాత్తాపంతో అభిరామయ్య కాళ్లపై పడి, తన పద్యాల మకుటంలో అతని పేరు శాశ్వతంగా నిలిపాడు. ఇది చరిత్రా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మంత్రం చేతులు మారడాన్ని జనం ఎలా ఊహించారన్నది ప్రశ్న.

ఈ కథ ప్రకారం అనర్హుడు మోసంతో పుచ్చుకొన్న మంత్రం కూడా పనిచేసింది. అంతవరకు కారల్ అభ్యంతరపెట్టడు. మంత్రం ఎవరిదన్నది కాదు, పనిచేసిందా అన్నదే ముఖ్యమని ఆయన మతం. కాని కథ అక్కడితో ఆగలేదు. పనిచేసిన మంత్రం బాకీని మిగిల్చింది. ఆ బాకీ ఒక్కసారి క్షమాపణతో తీరలేదు, ప్రతి పద్యం చివరా చెల్లించవలసి వచ్చింది. విగ్రహారాధనను, కులాన్ని, గురువేషాలను అంత నిర్దయగా ఎగతాళి చేసిన కవికి సైతం జనం ఈ ఒక్క ఋణాన్ని అంటగట్టకుండా ఉండలేకపోయారు. ఇతరుల సంప్రదాయాలనుంచి మంత్రాలు, దేవతలు తీసుకోవడంపై పాశ్చాత్య సాధకుల్లో నేడు సాగుతున్న వాదోపవాదాలకు ఈ ఐతిహ్యంలో ఒక సమాధానం ఉంది. తీసుకోవడం తప్పా ఒప్పా అని అది వాదించదు. తీసుకొన్నవాడు ఎవరి పేరు చెప్పాలో చెబుతుంది.

5. పెనుకొండ బాబయ్య – మొక్కు స్వభావం:

విజయనగర రాజ్యానికి తళ్లికోట యుద్ధం (1565) తర్వాత రాజధాని అయిన పెనుకొండను పుట్టపర్తి నారాయణాచార్యులు ‘పెనుగొండలక్ష్మి’లో శిథిలవైభవంగా చూశారు. కోటతోపాటు ఆ ఊరికి మరో ముఖం బాబా ఫక్రుద్దీన్ దర్గా. జనవ్యవహారంలో ఆయన బాబయ్య. సీస్తాన్ రాజ్యాన్ని వదిలి, తిరుచిరాపల్లి నత్తర్ వలీకి శిష్యుడై, గురువు ఇచ్చిన పందుంపుల్లను మజిలీ మజిలీకి నాటుతూ వచ్చి, అది చిగురించిన చోట స్థిరపడ్డాడని ఐతిహ్యం. ఆ చోటే పెనుకొండ. తెలుగు మాట్లాడే దూదేకులవారికి ఆయన ప్రత్యేకారాధ్యుడు. హిందువులు కూడా పెద్దసంఖ్యలో దర్శిస్తారు.

పుల్ల చిగురించిన కథలో ఎంపిక బాబయ్యది కాదన్నది గమనార్హం. నాటడంవరకే ఆయన పని. చోటును నిర్ణయించింది పుల్ల, అంటే దాన్నిచ్చిన గురువు. దర్గాకు వచ్చే హిందూ భక్తుని సంగతీ ఇంతే. అతడు హిందూచట్రం విప్పి ఇస్లాంచట్రం తొడుక్కొని లోపలికి వస్తున్నాడన్న భావన పరిశోధకునిదే. అతని దృష్టిలో చట్రాలు రెండు లేవు. బాబయ్య ఒక పెద్దమనిషి, శక్తిమంతుడు, మాట ఇస్తే నిలబడేవాడు, మాట తప్పితే ఊరుకోనివాడు. వెంకటరమణునితో, ఊరి మారెమ్మతో ఉన్న సంబంధం కూడా ఇటువంటిదే. ఎన్ని సంబంధాలున్నా ఒకటి ఇంకొకదాన్ని రద్దు చేయదు. ఒక మేనమామ ఉన్నాడని ఇంకో మేనమామను వదులుకోనట్లే.

ఇక్కడే మొక్కు సిజిల్‌కు పూర్తిగా ఎదురు నిలుస్తుంది. సిజిల్ ఫలించాలంటే మరచిపోవాలి. మొక్కును మరచిపోరాదు. కోరిక తీరిన తర్వాత చెల్లించని మొక్కు ఇంటిని వెంటాడుతుందని జనం నమ్మకం. కొన్నేళ్ల తర్వాత వచ్చిన కీడుకు కారణం వెదుకుతూ, తాత మొక్కి తీర్చని మొక్కును గుర్తుచేసుకొనే కుటుంబాలు రాయలసీమలో కొత్త కాదు. ఒకచోట మరపు సాధనం, ఇంకొకచోట మరపు దోషం. రెండూ కోరికను ఫలింపజేసే ప్రక్రియలే అయినా వాటిని ఒకే శీర్షిక కింద పెట్టడం సాధ్యం కాదు. కేయాస్ సాధకునికి ప్రక్రియ తనలోనే మొదలై తనలోనే ముగుస్తుంది. మొక్కులో ఎదుట మరొకరుండి తీరాలి.

6. కాల్పనిక శక్తులు, సరిహద్దు, నింద:

కేయాస్ మార్గీయులు కల్పనాసాహిత్యంలోని శక్తులను కూడా ఆవాహన చేస్తారు. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ సృష్టించిన దేవతలు ఇందుకు ప్రసిద్ధోదాహరణ. కల్పన అని తెలిసే వాడుకోవడం వాళ్ల ప్రత్యేకత. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’ నవలల ద్వారా ఇంటింటా వ్యాపించిన కాష్మోరా. వారపత్రిక ధారావాహికగా చదివిన పాఠకుల్లో చాలామందికి అది మంత్రశాస్త్రంలో ఉన్న ప్రయోగంగానే తోచింది. మంత్రాన్ని, వైద్యాన్ని పక్కపక్కన నిలిపి సాగే ఆ కథ పాఠకుని సందేహంలోనే ఉంచి ఉత్కంఠ పెంచింది. రంగనాయకమ్మ ఈ నవలను తీవ్రంగా విమర్శిస్తూ ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. ఆ విమర్శ స్వరం కొందరికి కటువుగా తోచినా, అందులోని మూలప్రశ్న నేటికీ చెల్లుతుంది. కల్పన అని తెలిసి ఆడుకొనే పాఠకుడు వేరు, పక్కింటి ముసలామెపై అనుమానం పెంచుకొనే పాఠకుడు వేరు. పుస్తకం ఇద్దరికీ అదే.

నమ్మకం పనిముట్టే అయితే అది ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. చేతబడి చేసిందన్న నిందపడిన స్త్రీకి ఆ నమ్మకంలో ప్రవేశించే స్వేచ్ఛ లేదు, నిష్క్రమించే స్వేచ్ఛ అంతకన్నా లేదు. తెలుగురాష్ట్రాల్లో బాణామతి, చేతబడి అనుమానాలతో జరిగిన హత్యలు పత్రికలకు కొత్త వార్తలు కావు. కేయాస్ మ్యాజిక్ రచనల్లో కర్త ఎప్పుడూ చదువుకొన్న, ఒంటరిగా గదిలో కూర్చోగలిగిన, విఫలమైతే మరో పుస్తకం తెరవగలిగిన వ్యక్తి. నింద మోసేవారికి ఆ సిద్ధాంతంలో చోటు లేదు. ఆ సిద్ధాంతపు అసలు లోపం ఇదే.

హిందూపురం కర్ణాటక సరిహద్దును ఆనుకొన్న పట్టణం. సరిహద్దుకు అవతల గౌరీబిదనూరు తాలూకాకు చెందిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో మహిమలు, మూఢనమ్మకాల పరిశీలనకు ఒక సంఘాన్ని ఏర్పరిచారు. 2017లో కర్ణాటక శాసనసభ అమానుషాచారాలు, క్షుద్రవిద్యల నివారణచట్టాన్ని ఆమోదించింది. అది 2020లో అమలులోకి వచ్చింది. ప్రదక్షిణ, యాత్ర వంటి ఆరాధనలను మినహాయించి, దేహానికి, గౌరవానికి హాని చేసే ఆచారాలను శిక్షార్హం చేయడం ఆ చట్టం పద్ధతి. నరసింహయ్య సంఘం అడిగింది నిజమా కాదా అని. చట్టం అడిగేది హాని జరిగిందా అని. కేయాస్ మ్యాజిక్ మొదటి ప్రశ్నను అనవసరమంటుంది, రెండవదాన్ని సాధకుని వివేకానికి వదిలివేస్తుంది.

మొక్కుకు సంబంధించిన ఒక సందర్భం మిగిలి ఉంది. బిడ్డ బతికితే తలనీలాలిస్తానని తల్లి మొక్కుతుంది. ఏడాదికో మూడేళ్లకో దర్గావద్దనో గుడివద్దనో గుండు కొట్టించేది బిడ్డకు. ఆ బిడ్డకు నమ్మకం లేదు, అపనమ్మకమూ లేదు. చల్లటి నీళ్లు తలపై పడగానే ఏడుస్తుంది. కోరిక ఒకరిది, చెల్లింపు ఒకరిది, కత్తి పట్టిన మంగలి మూడవవాడు, చుట్టూ నిలబడి బిడ్డను పట్టుకొన్న మేనమామ నాలుగవవాడు. ఇందులో మంత్రకర్త ఎవరని కారల్ గ్రంథాన్ని అడిగితే ఒక్కరి పేరు చెప్పమంటుంది.